పైకి అంటే ఎక్కడికి?

ఇంటి సామాన్లు సర్ది, లారీకెక్కించి, కొత్తిళ్ళకు చేర్చే కంపెనీలో ఆయన్ని అందరూ టేపు మావయ్య అంటారు. అసలు పేరు జీతమిచ్చేవాళ్ళకే తెలియాలి. ఎడమచేతికి ఎప్పుడూ గాజులా ఓ టేపు చుట్ట ఉంటుంది. అన్నానికి కూర్చున్నప్పుడైనా తియ్యవయ్యా మహానుభావా అని భార్య మొత్తుకుంటూనే ఉంటుంది. ఆయన చేత్తో సర్దిన గ్లాసు పగిలిందన్నమాట ఇంతవరకూ లేదు. నోరు మాత్రం చేతులంత కుదురుగా ఉండదు. ఇల్లు సర్దేలోపు ఆ ఇంటివాళ్ళ కష్టసుఖాలన్నీ కూపీ లాగేస్తాడు.

ఆవేళ ఖాళీ చేయించాల్సింది ఓ పెద్దావిడ ఇల్లు. కొడుకు, కోడలు, మనవలతో కలిసి మేడ ఉన్న ఇంటికి మారుతోంది. మేడ మీద వాళ్ళంతా, కింది గదిలో ఆవిడొక్కతీ. మోకాళ్ళ నొప్పులు కదా, మెట్లెక్కలేదని కొడుకే ఖాయం చేసేశాడు.

"నన్నడిగితేగా!" అంది పెద్దావిడ, కుట్టుమిషనుకు దుప్పటి చుడుతున్న మావయ్యతో. "పొద్దస్తమానం పిల్లల గోలలో బతికినదాన్ని. అక్కడ గోడలతో మాట్లాడుకోవాలి కాబోలు."

"ఆ మాటేదో అబ్బాయిగారికి చెప్పొచ్చుగా అమ్మా?"

"నా మంచికే చేస్తున్నాడు. ఏమని చెప్పను?"

మావయ్యకు జాలేసింది. కానీ తల్లీకొడుకుల మధ్య దూరడం తన పని కాదు కదా. పెట్టెలకు టేపు వేయడంలో పడ్డాడు. ఆవిడవన్నీ సీసాలు, అద్దాలు, గోడగడియారం లాంటి పగిలే సామాన్లే. ఇలాంటి పెట్టెల్ని తలకిందులుగా పెట్టకుండా బాణం గీసి, పక్కన "పైకి" అని రాయడం వాళ్ళ పద్ధతి. మార్కరేమో ఎండిపోవస్తోంది. పోనిద్దూ అని బాణం ఎగ్గొట్టి, ఉత్త "పైకి" అని గీకి పారేశాడు.

కొత్తింటి దగ్గర సామాను దించింది వేరే జట్టు, పనికి కొత్తవాళ్ళు. పాత ఇంటి తాళాలు అప్పగించి మావయ్య వచ్చేసరికే పెద్దావిడ పెట్టెలన్నీ మేడెక్కి కూర్చున్నాయి. వాటి వెనకే కుట్టుమిషనూ, మంచమూ. మంచం బిగించేశారు కూడా.

"పైకి అని రాశావుగా అన్నా, పైకే మోశాం," అన్నారు వాళ్ళు చెమట తుడుచుకుంటూ.

మావయ్య నెత్తి కొట్టుకుంటూ మేడెక్కాడు. అక్కడ కొడుకు అప్పటికే చిందులు తొక్కుతున్నాడు.

"తప్పు నాదే బాబూ, అన్నీ కిందికి దించేస్తాను," అని మావయ్య ఓ పెట్టె భుజాన వేసుకుని మెట్ల దగ్గరికి వెళ్ళాడు. ఎదురుగా పెద్దావిడ! కడ్డీ పట్టుకుని, మెట్టుమెట్టుకీ ఆగుతూ, రొప్పుతూ వస్తోంది. ఆయన పక్కకు తప్పుకుంటే, సరాసరి వెళ్ళి తన మంచం మీద కూలబడింది.

"అమ్మా! ఎందుకెక్కావు? నీ మోకాళ్ళేం కావాలి?" అన్నాడు కొడుకు.

"కింద ఉంటే మోకాళ్ళకు సుఖమేరా, కాదనను. రోజంతా వాటితోనే ఏం కబుర్లు చెప్పమంటావు?"

కొడుకు మావయ్య భుజం మీది పెట్టెను తనే అందుకుని, తల్లి మంచం పక్కన దించాడు.