జాబితాలో లేని ఆకుకూరలు

ఇరవై మూడేళ్ల వయసులో మనిషికి రెండు జబ్బులుంటాయి. తనకి అన్నీ తెలుసనుకోవడం ఒకటి, ఇంట్లోవాళ్లకి ఏమీ తెలియదనుకోవడం రెండోది. ఆ రోజుల్లో నాకు రెండూ బాగా ముదిరి ఉన్నాయి. పైగా మెళ్లో ఐడీ కార్డొకటి వేలాడుతుండేది. జంషెడ్‌పూర్‌లో ఒక కాలేజీ ఆఫీసులో నేను కంప్యూటర్ ఆపరేటర్‌ని (తాత్కాలికమే, కానీ ఆ ముక్క కార్డు మీద లేదు కనక నేనూ ఎవరికీ చెప్పలేదు). మా నాన్నది ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టు పని. అమ్మ పర్సుడీహ్ సంతలో ఆకుకూరలు అమ్మేది. పొద్దున్నే రైలు పట్టాల పక్కన, పొలం గట్ల మీద వాటంతటవి మొలిచిన గలిజేరు, పొన్నగంటి, పాయల కూర ఏరుకొచ్చి, గంపలో సర్దుకుని గోనె మీద కూర్చునేది. కాలేజీలో ఎవరైనా "అమ్మగారేం చేస్తారు?" అనడిగితే నేను "హౌస్‌వైఫ్" అనేవాణ్ణి. అలా అన్న ప్రతిసారీ చెవులు వేడెక్కేవి. అయినా అనేవాణ్ణి.

ఒకరోజు నేను షూ లేసులు కట్టుకుంటుంటే అమ్మ వెనకాలే వచ్చి, "ఒరే, మన గంప కాడికి ఒక మేడమ్ వత్తందిరా. ఈ ఆకు పేరేటి, ఎక్కడ మొలుత్తాది, ఏ జబ్బుకి వాడతారు అని అడిగి రాసుకుంతంది. అంత సదువుకున్న మనిసి నా పక్కన గోనె మీదే కూకుంతాది" అంది. నేను అలవాటు ప్రకారం తెలుగుకి హిందీలో జవాబిచ్చి ("అచ్ఛా అమ్మా, దేర్ హో రహీ హై", అంటే ఆలస్యమవుతోందని) స్కూటరెక్కేశాను. ఆ రోజు ఒక్క నిమిషం ఆగి ఆ మేడమ్ ఎవరని అడిగి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

సరిగ్గా ఆ వారమే కాలేజీకి తనిఖీ కమిటీ వస్తోందని కబురొచ్చింది. ప్రిన్సిపాల్‌గారు హడావుడిగా నన్ను పిలిచి, ప్రొఫెసర్లందరి పరిశోధనాసక్తులూ రెండేసి వాక్యాల్లో వెబ్‌సైట్‌లో ఎక్కించమన్నారు. మొదట్లో ఎవరూ ఇవ్వలేదు. ఇచ్చాక ఎవరూ ఆపలేదు. చరిత్ర సార్ ఛోటానాగపూర్ అడవుల్లో వెనకటివాళ్లు ఇనుము కరిగించిన కొలుముల మీద పదకొండు పేజీలిచ్చారు. హిందీ సార్ భక్తి కవిత్వంలో విరహం. జువాలజీ సార్ వానాకాలంలో కప్పల సంతానోత్పత్తి. ఎకనామిక్స్ మేడమ్ కాంట్రాక్టు కూలీల ఇంటి ఖర్చులు. ఫిజిక్స్ సార్‌ది పలుచని లోహపు పొరల మీద వెలుగు చేసే చిత్రాలు. ఇంత విద్య నా చేతుల మీదుగా లోకానికి వెళుతోందని నాకు లోపల్లోపల గర్వంగానే ఉండేది.

అందరికంటే చివర బోటనీ మేడమ్ వచ్చారు. ఆ ఏడాదే రిటైరవుతున్న పెద్దావిడ. కాలేజీ వెనక ఖాళీ జాగా ఒకటుంది, అందులో ఊళ్లో కనుమరుగైపోతున్న ఆకుకూరలన్నీ పెంచి, వెళ్లేలోపు ఒక తోటగా నిలబెట్టాలని ఆవిడ కోరిక. ప్రిన్సిపాల్‌గారు అక్కడ సిమెంటు వేయించి టూవీలర్ స్టాండు కట్టించాలని చూస్తున్నారు. కమిటీ ఒక్క మంచి మాట రాస్తే తోట, రాయకపోతే స్టాండు. "బేటా, ఇది జాగ్రత్తగా పెట్టు, నాకు ఇదే ఆఖరి అవకాశం" అని హిందీలో చెప్పి కాగితమూ, ఫొటో ఉన్న పెన్‌డ్రైవూ ఇచ్చారు. కాగితం మీద ఇలా ఉంది: పర్సుడీహ్ సంతలో అమ్మే అడవి ఆకుకూరలు, వాటిని ఏరి తెచ్చే ఆడవాళ్ల పరిజ్ఞానం. ఫొటో తెరిచాను. గంప, గంప అంచున గలిజేరు కట్ట పట్టుకున్న ఒక చెయ్యి. ఆ చేతి మీద తేలు పచ్చబొట్టు. నాకు చిన్నప్పుడు అన్నం పెట్టిన చెయ్యి అది. గుర్తుపట్టడానికి క్షణం పట్టలేదు.

గర్వపడాల్సిన చోట నేను హడలిపోయాను. రేపు ఎవరో చూస్తారు, సంతకి వెళతారు, అమ్మ ఊరుకోదు, "మావోడు మీ కాలేజీలోనే" అంటుంది, నా హౌస్‌వైఫ్ కథ అక్కడితో సరి. అటూ ఇటూ చూసి, ఎక్కడో దూరపు విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లోంచి "మొక్కల జన్యువుల్లో ఒత్తిడికి స్పందన" అనే గంభీరమైన వాక్యం తెచ్చి ఆవిడ పేరుకెదురుగా అంటించాను. ఫొటో ఎక్కించలేదు. మేడమ్ స్థాయి పెంచానని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను కూడా (సిగ్గులేనితనానికి కూడా ఒక స్థాయి ఉండాలి).

ఇంతలో ఫిజిక్స్ సార్ వచ్చి, పేర్లు సీనియారిటీ ప్రకారం లేకపోతే ఊరుకోనన్నారు. పేర్ల వరస ఒక్కటీ పట్టుకుని క్రమం మార్చాను. పక్క గళ్లని కూడా కలిపి కదపమంటారా అని కంప్యూటర్ మర్యాదగా అడిగింది. అక్కర్లేదన్నాను. పేర్లు కదిలాయి, ఆసక్తులు ఎక్కడివక్కడే కూర్చున్నాయి. అన్నీ తెలిసినవాణ్ణి కదా, సరిచూడకుండా ఎక్కించేశాను.

తనిఖీ నాడు హాల్లో తెర మీద ఆ పేజీ వేశారు. కమిటీ అధ్యక్షుడు కళ్లజోడు సవరించుకుని, పెళ్లి కూడా చేసుకోని మా హిందీ సార్‌ని "కప్పల సంతానోత్పత్తి మీద మీకు ఆసక్తి ఎలా కలిగిందండీ?" అనడిగాడు. సార్ మొహం కందగడ్డలా అయింది. జువాలజీ సార్‌ని విరహం గురించి అడిగితే ఆయన మాత్రం తొణక్కుండా, "వానలకి ముందు కప్పలు పడేది కూడా విరహమే సార్" అన్నారు. హాలంతా నవ్వు. ప్రిన్సిపాల్‌గారు నన్ను కళ్లతోనే నమిలేస్తూ, పెళ్లి పందిట్లో తారుమారైన చెప్పుల్లా ఒక్కొక్క వాక్యాన్నీ దాని సొంతదారుకి అప్పజెప్పడం మొదలుపెట్టారు. కొలుములు చరిత్రకి, వెలుగు ఫిజిక్స్‌కి వెళ్లాయి. చివరికి జన్యువుల వాక్యం ఒక్కటి ఎవరిదీ కాకుండా మిగిలింది. బోటనీ మేడమ్ ఒక్కరూ ఉత్త కాళ్లతో నిలబడ్డారు.

"అందరివీ దొరికాయి," అన్నారావిడ నా వైపు తిరిగి. "నాది ఎవరికెళ్లింది, బేటా?"

ఆ ఫొటో నా చొక్కా జేబులో పెన్‌డ్రైవ్‌లోనే ఉంది. తీసి పెడితే సరిపోయేది. నేను తల దించుకుని, "డిలీట్ అయిపోయింది మేడమ్" అన్నాను. ఆవిడ నోటితోనే తోట గురించి చెప్పబోయారు. అధ్యక్షుడు గడియారం చూసుకుని "ఫొటోలేమైనా ఉన్నాయా?" అన్నాడు. నేను చొక్కా జేబు మీద చెయ్యి వేసుకుని కంప్యూటర్ వైపు తిరిగాను. అందరూ భోజనానికి లేచారు.

సాయంత్రం ఆగలేక బోటనీ ల్యాబుకి వెళ్లాను. "డిలీట్ అవలేదు మేడమ్. నేనే తీసేశాను. ఆ చెయ్యి మా అమ్మది" అన్నాను. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది.

"తెలుసు," అన్నారు మేడమ్. "ఫొటో తీస్తానంటే మొహం వద్దంది మీ అమ్మ. మా వాడు మీ కాలేజీలోనే ఉన్నాడు, నా మొహం పడితే వాడికి చిన్నతనం, చెయ్యి ఒక్కటే తీసుకోండి, నేనెవరో ఎవరికీ చెప్పకండి అంది. నేను మాటిచ్చాను."

పేజీ ఆ పూటే సరిచేశాను, ఫొటోతో సహా. కమిటీ అప్పటికే వెళ్లిపోయింది. ఇంటికొచ్చి అమ్మకి అంతా చెప్పేశాను. హౌస్‌వైఫ్ సంగతి కూడా దాచలేదు. అమ్మ పొన్నగంటి కాడలు తుంచుతూ అంతా వింది.

"మేడమ్‌కి ఆ జాగా ఇచ్చారేట్రా?" అంది.

"ఇవ్వరమ్మా," అన్నాను. ఎన్నేళ్లకో తెలుగులో జవాబిచ్చానని తర్వాత తట్టింది.

"అయ్యో, ఇత్తనాలు కూడా కట్టి ఉంచీసినానే," అంది, చూరు కింద వేలాడుతున్న గుడ్డమూట వైపు చూస్తూ.

స్టాండు కట్టారు. మేడమ్ రిటైరయ్యారు. ఇప్పుడు నేనూ పర్మనెంట్ అయ్యాను, రోజూ నా స్కూటర్ అక్కడే పెడతాను. ఆ విత్తనాల మూట మాత్రం స్టాండు కట్టిన ఏడాది మొదటి వానకి నేనే పట్టుకెళ్లి సిమెంటుకీ గోడకీ మధ్య మట్టిలో చల్లాను. తోటమాలి పీకుతూనే ఉంటాడు, గలిజేరు మొలుస్తూనే ఉంటుంది. స్కూటర్ ఆపేటప్పుడు కిందికి చూసి మరీ స్టాండు వేస్తాను. ఎవరైనా ఇదేం మొక్క అంటే పేరు చెబుతాను. నీకెలా తెలుసంటే, మా అమ్మ పర్సుడీహ్ సంతలో ఆకుకూరలు అమ్ముతుందని చెబుతాను (అడగనివాళ్లని కూడా ఆపి చెబుతున్నానని ఆఫీసులో గొణుగుతున్నారట).