ఆవకాయ నూనెలో పోయిన పేరు

“అది ఆ ఇంగ్లండు వాళ్ళ పాటే నానమ్మా! ప్రపంచం మొత్తానికి తెలుసు.”

“ప్రపంచానికి తెలిస్తే నాకేంటే? వాళ్ళది కాదంటున్నానుగా.”

“నువ్వు చదివింది మూడో తరగతి. గిటారు గురించి నాకు చెప్తావా?”

“మూడో తరగతితో చదువాగింది గానీ చెవులాగలేదు. వాళ్ళ కంటే ముందు ఆ పాట ఒక నల్లాయన పాడాడు. కావాలంటే మీ సార్లనడుగు. ముందు ఆ ఫ్యానాపు, కిటికీలోంచి గాలొస్తోంది.”

వడ్లమూడిలో చదివే నా మనవరాలు సెలవుకు తెనాలి వచ్చి, నేను చింతపండులో గింజలు తీస్తున్న చాప పక్కనే ఫోను పెట్టి ఆ పాట మోగించింది. తీగను లాగి వదిలేసిన తర్వాత కూడా కొంత దూరం మూలుగుతూ పోయే ఆ శబ్దం చెవిన పడగానే నా చేయి ఆగిపోయింది. ఆ మూలుగు నాకు కొత్త కాదు. మా మేడ మీద గదిలోంచి ఏళ్ళ తరబడి విన్నాను. తిడుతూ విన్నాను, వింటూ తిట్టాను. దాన్ని నాకు వినిపించిన మనిషి రూతమ్మగారు. మా పిల్లలకు ఆవిడ మేడ మీద అద్దెకున్న ఒక లెక్చరరు, అంతే. మా ఇంట్లో అద్దెకున్న మాట నిజమే గానీ, అద్దె ఇచ్చి ఖాళీ చేసి వెళ్ళిపోయిన మనుషుల లెక్కలో ఆవిడ రాదు.

ఎనభైల నడుమ సంగతి. మా ఆయన పోయాక మేడ మీద రెండు గదులు అద్దెకు ఇవ్వాలనుకున్నాను. రూతమ్మగారు బాపట్లలో ఒక కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవారు. తల్లి రేపల్లెలో మంచం పట్టి ఉంది. అటు బాపట్ల రైలు, ఇటు రేపల్లె రైలు అందాలంటే తెనాలిలో ఉండక తప్పదు. రిక్షాలో ఒక ట్రంకు పెట్టె, ఒళ్ళో పసిపిల్లను పట్టుకున్నట్టు ఒక చెక్కపెట్టె పట్టుకుని దిగారు.

“ఒక్కదానివేనా అమ్మా ఉండేది?”

“ఒక్కదాన్నేనండి. ఇదిగో, ఇది నాతో ఉంటది.” చెక్కపెట్టె మూత తీసి చూపించారు. పాటల ప్లేట్లు తిప్పే మిషను.

“కరెంటుదా?”

“అవునండి.”

“మా ఇంట్లో రాత్రి తొమ్మిదికి మెయిను ఆపేస్తాను. నీళ్ళు బిందె లెక్క. సరేనా?”

“ఆపెయ్యండి పిన్నిగారూ. చీకట్లో నడవటానికి కరెంటెందుకు?”

అదేదో హాస్యానికి అన్నారనుకున్నాను. కాదు. ఆవిడకు కూర్చోవడం చేతనయ్యేది కాదు. పరీక్ష పేపర్లు గోడవారన నడుస్తూ దిద్దేవారు. ఇడ్లీ చేత్తో పట్టుకుని మెట్లు దిగేవారు. కాఫీ సగం తాగి గ్లాసు ఎక్కడో వదిలేసేవారు. ఆ మిగిలిన సగం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమనేది. రైల్లో సీటు దొరికినా తలుపు దగ్గరే నిలబడతారని ఎదురింటాయన చెప్పాడు. పొడుగ్గా, సన్నగా, చీర కొంగు మీద ఎప్పుడూ ఒక ఇంకు మరకతో, ఏదో అందుకోవలసింది ముందు వెళ్ళిపోతున్నట్టు ఉండేవారు.

ఒక శనివారం మధ్యాహ్నం పైన ఒకటే పాట. కొంచెం మోగుతుంది, ఆగుతుంది. ఇంకో గొంతు వస్తుంది, ఆగుతుంది. మళ్ళీ మొదటిది. నాకు తిక్క రేగి పైకి వెళ్ళాను.

“పాడితే పూర్తిగా పాడించు, లేకపోతే మానెయ్. ఏంటమ్మా ఈ చిల్లర?”

“రండి పిన్నిగారూ, రండి! మీరే చెప్పండి. ఈ రెండూ ఒకటా, కాదా?”

ముందు ఒక కొత్త ప్లేటు పెట్టారు. అట్ట మీద జుట్టు పెంచిన తెల్ల కుర్రాళ్ళు నలుగురు. డప్పులు, గిటార్లు, కేకలు, ఇల్లు కూలుతుందేమోననిపించింది. తర్వాత బరువైన పాత ప్లేటు ఒకటి, చిన్నది, అంచు కాస్త విరిగింది. ముల్లు ఆనగానే పోపు వేగినట్టు చిటపట. ఆ చిటపట వెనకాల ఎక్కడో, ఒకే ఒక్క మనిషి. ఒక ముక్క పాడతాడు. ఆగుతాడు. అతని గిటారు ఒక మూలుగు మూలుగుతుంది. మళ్ళీ అదే ముక్క పాడతాడు. మూడోసారి వేరే ముక్క.

“ఏమంటున్నాడు?”

“నాగలి అరిగిపోయింది అంటున్నాడు. మళ్ళీ అదే, నాగలి అరిగిపోయింది. మూడో ముక్కలో, దొర పొలం మాత్రం అరగలేదు అంటున్నాడు.”

“రెండూ ఒకటే పాట. వాళ్ళు కొత్త బట్టలు తొడిగారు.”

ఆవిడ చప్పట్లు కొట్టినంత పని చేశారు. ఆరోజే ఆ పాత ప్లేటు కథ చెప్పారు. వాళ్ళ నాన్న ఓడలో వంటమనిషి. ఇంగ్లండు రేవులో ఒక నల్లజాతి అమెరికా కళాసీ ఆయన వండిన చేపల పులుసు తిని, మా ఊళ్ళ వైపు మనిషి పాడింది అంటూ ఆ ప్లేటు ఇచ్చాడట. ఆయన దాన్ని భద్రంగా ట్రంకు అడుగున, ఆవకాయ జాడీ పక్కన పెట్టుకున్నాడు. సముద్రం పోటు మీద జాడీ వొరిగింది. ప్లేటుకు ఏమీ కాలేదు. నడుమ అతికించిన కాగితం మాత్రం నూనె తాగి, పాడినవాడి పేరు కారం రంగులో కలిసిపోయింది.

“అమెరికాలో పత్తి చేలల్లో పనిచేసిన నల్లవాళ్ళ పాటలివి. వాళ్ళ తాతలు బానిసలు. కంపెనీ వాళ్ళు మిషను పట్టుకెళ్ళి వీళ్ళని పాడించి, ఏదో చేతిలో పెట్టి పంపించేశారు. ఆ ప్లేట్లు ఓడల్లో ఇంగ్లండు చేరాయి. అక్కడ కుర్రాళ్ళు ముల్లు ఎత్తి పెట్టి, ఎత్తి పెట్టి, వేళ్ళు పగిలేదాకా నేర్చుకున్నారు. తర్వాత కరెంటు గిటార్లు పట్టుకుని వాళ్ళే పెద్ద పాటగాళ్ళయ్యారు. అమెరికా వాళ్ళకే తీసుకెళ్ళి వినిపించారు.”

“మన పెరట్లో మొక్క పీక్కెళ్ళి, పూశాక మనకే పూలమ్మినట్టు.”

“అంత మాట అనకండి. వాళ్ళు ఆకలి మీద విన్నారు పిన్నిగారూ. సొంత ఊళ్ళో ఎవరూ పట్టించుకోని ముసలాళ్ళని కొందరు వెతికి పట్టుకుని, పక్కన నిలబెట్టుకుని పాడించారు కూడా.”

“మరి మా తెనాలిలో పద్యం పాడేవాడు ఇంకొకాయన రాగం ఎత్తుకుంటే, ఇది ఫలానావారి బాణీ అని స్టేజీ మీద చెప్పి పాడతాడు. వీళ్ళు చెప్పారా?”

“చెప్పినవాళ్ళు చెప్పారు. వీళ్ళు చెప్పలేదు.” తెల్ల కుర్రాళ్ళ అట్ట వెనక్కి తిప్పి, ఆ పాట కింద వేలు పెట్టి చూపించారు. రాసినవాళ్ళుగా ఆ కుర్రాళ్ళ పేర్లే ఉన్నాయట. “నా దగ్గర నూనె మరక, వాళ్ళ దగ్గర వాళ్ళ పేర్లు. ఈయన ఎవరో నేను ఎక్కడని వెతకను?”

మద్రాసు పాత ప్లేట్ల షాపులన్నీ తిరిగారు. తెలిసిన ఫాదర్ల ద్వారా అడిగించారు. దొరకలేదు. ఆ దొరకకపోవడమే ఆవిడ కాళ్ళలో తిరిగేదని నాకు తర్వాత అర్థమైంది.

ఒక వేసవిలో ఆవిడ, “పాడింది ఆపి గిటారు ఎందుకు వాయిస్తాడో మరి,” అంటే, నా నోరు జారింది.

“జవాబు చెప్పేవాళ్ళు లేరుగా. నాట్లలో అయితే ఒకళ్ళు ముక్క అందుకుంటే మిగతావాళ్ళు అదే ముక్క తిరిగి పాడి జవాబిస్తారు. అప్పుడుగానీ ముందు మనిషి మూడో ముక్కకి వెళ్ళదు. పాపం ఇతను ఒంటిగాడు. గిటారు చేత చెప్పించుకుంటున్నాడు.”

“నాట్ల పాటలు మీకెలా తెలుసు?”

“ఎవరో చెప్పుకుంటుంటే విన్నాను,” అని కిందికి దిగిపోయాను.

నిజానికి మూడో తరగతి మానేసింది నాట్లకు వెళ్ళడానికే. రేపల్లె అవతల ఉప్పుగాలి తగిలే పల్లె మాది. అమ్మ లేదు, పెద్దమ్మ వీరమ్మ పెంచింది. ఆ చుట్టుపక్కల మడుల్లో పాట అందుకోవాలంటే ఆవిడే. నన్ను తెనాలి మిల్లు గుమాస్తాకు ఇచ్చాక, మా అత్తగారు మొదటి రోజే, “బురద సంగతులు ఈ వీధిలో ఎత్తకు” అన్నారు. ఎత్తలేదు. ఆ వీధిలో గంజి పెట్టిన చీర కట్టుకుని, గట్టిగా మాట్లాడి, పరువుగా బతికాను. కూలికి వెళ్ళినదాన్నని మా కొడుక్కి కూడా చెప్పలేదు. ఆరోజుల్లో పరువు అలా ఉండేది. దానికి నేనిప్పుడు ఏడవను.

తొంభైలు వచ్చాయి. రూతమ్మగారి తల్లి పోయింది. ఆవిడకు ఎక్కడో శ్రీకాకుళం వైపు బదిలీ అయింది. సామాను సర్దుతూ అకస్మాత్తుగా కిందికి వచ్చి నా ఎదుట నిలబడ్డారు.

“వీరమ్మగారు మీకు పెద్దమ్మట కదా. రేపల్లెలో మా చర్చికి వచ్చే ఆవిడ చెప్పింది. ఇంకా పాడగలరట. నన్ను తీసుకెళ్ళండి. టేపు మీద పట్టుకుంటాను.”

నా ఒళ్ళు మండింది. “నా పుట్టింటి కూపీ లాగావా? నీకు అద్దెకిచ్చింది గదులమ్మా, నా బతుకు కాదు.”

“తిట్టండి. కానీ ఆవిడ పోతే ఆ పాట ఏ ఆర్కెస్ట్రావాడో ఎత్తుకుని తన పేరు పెట్టుకుంటాడు. మీ పెద్దమ్మ కూడా నూనె మరకైపోద్ది. మీకు ఇష్టమేనా?”

వెళ్ళాం. రైలు జంపని దాటేదాకా ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడ తలుపు దగ్గర, నేను సీట్లో. కాలవలు నిండి, రెండు వైపులా నాట్లు సాగుతున్న రోజులు.

పెద్దమ్మ చూరు కింద నులకమంచం మీద కూర్చుని ఉంది. పళ్ళు లేవు, కళ్ళు మాత్రం చురుకు. చుట్టూ కోడలు, పొలం నుంచి వచ్చిన ఆడకూలీలు, పక్కింటివాళ్ళు. అందరూ నన్ను తెనాలి వాళ్ళింటి మనిషిగా కుర్చీ వేసి కూర్చోబెట్టారు. రూతమ్మగారు టేపు రికార్డరు మీట నొక్కి, ముందుగా పేరు చెప్పమన్నారు.

“వీరమ్మ. రాసుకో. ఒట్టి వీరమ్మ అంటే ఊరికి పది మంది. పాట వీరమ్మ అను.”

తర్వాత అందుకుంది.

“మబ్బొచ్చి కూకుంది మా గట్టు మీద…”

ఆగింది. క్యాసెట్టు తిరుగుతోంది. పెద్దమ్మ ఎదురు చూసింది. టేపులో తమ గొంతు పడితే తప్పేమోనని కూలీలు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. పెద్దమ్మ మళ్ళీ మొదటి ముక్కే పాడింది. మళ్ళీ ఆగింది.

“మర్చిపోయిందండి ముసల్ది,” అంది కోడలు.

రూతమ్మగారి మొహం పాలిపోయింది. “పరవాలేదమ్మా, తర్వాతది గుర్తు తెచ్చుకోండి.”

“నాకు గుర్తులేకేంటి?” అని కసిరింది పెద్దమ్మ. “ఎనక జవాబు లేకుండా ముందుకెట్టా పోతాను? నాట్లో ఒక్కదాన్నే నిలబడ్డానా?” అని నా కుర్చీ వైపు చూసింది. “ఏందే, తెనాలి నీళ్ళకి గొంతు మూసుకుపోయిందా?”

ఇంటి ముందు అందరి కళ్ళూ నా మీదే. రూతమ్మగారు నన్ను అడగలేదు. ఆవిడకు ఎప్పుడో నేను చెప్పిన మాట గుర్తొచ్చినట్టుంది. మైకు పెద్దమ్మ దగ్గరే పట్టుకుని, తల వంచుకుని నిలబడ్డారు. అడిగి ఉంటే నేను లేచి వెళ్ళిపోయేదాన్ని.

పెద్దమ్మ మూడోసారి అందుకుంది. అది ఆగగానే నా గొంతులోంచి వచ్చింది.

“మబ్బొచ్చి కూకుంది మా గట్టు మీద…”

పెద్దమ్మ బోసినోరు విప్పి, మూడో ముక్కను విసిరింది. “మునసబు గొడుగేమొ ముందే తడిసింది!” కూలీలు ఘొల్లుమని నవ్వారు. తర్వాత వాళ్ళూ కలిశారు. క్యాసెట్టు అయిపోయేదాకా పాడాం. అంతసేపూ రూతమ్మగారు కదల్లేదు. ఆవిడ అలా ఒకచోట నిలబడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

“గొంతు తుప్పు పట్టిందే,” అంది పెద్దమ్మ నాతో.

రూతమ్మగారు రెండో వైపు తిప్పి, మైకు నా దగ్గరికి తెచ్చారు. “జవాబు చెప్పినవాళ్ళ పేరు కూడా ఉండాలి పిన్నిగారూ.”

“సీతారావమ్మ,” అన్నాను. అక్కడ ఆపేద్దామనుకున్నాను. “ఈ ఊరిదాన్నే. పెళ్ళయ్యేదాకా ఈ మడుల్లో కూలికి నాట్లు వేశాను,” అని కూడా అన్నాను.

ఆ క్యాసెట్టుకు ఒక నకలు నాకు ఇచ్చి వెళ్ళారు. దాన్ని తిప్పే మిషను ఇప్పుడు మా ఇంట్లో లేదు. పెద్దమ్మ ఆ తర్వాత చాలాకాలం బతికింది. రూతమ్మగారు ఊళ్ళు మారుతూనే ఉన్నారని విన్నాను. ఆ నల్లాయన పేరు దొరికిందో లేదో నాకు తెలియదు. నాకు అంటించి పోయింది మాత్రం ఒక దురద. పక్కింటావిడ పచ్చడి తెచ్చినా, గుళ్ళో కొత్త హారతి పాట వినిపించినా, “ఇది ఎవరిది, నీకు ఎవరు చెప్పారు?” అని అడుగుతాను. చెప్పేదాకా వదలను. కొందరు నన్ను చూసి వీధి అవతలి వైపుకు దాటిపోతారు. దాటనీ.

పాట టేపు మీద పట్టిన మర్నాడు పొద్దున్నే రూతమ్మగారు బాపట్ల కాలేజీలో ఆఖరి పనులున్నాయని మొదటి బస్సుకు రేపల్లె వెళ్ళిపోయారు. నేను వెళ్ళలేదు. పెద్దమ్మ కోడలి పాత చీర అడిగి కట్టుకుని, ఎగ్గట్టి, కూలీలతో పాటు మడిలో దిగాను. ఎండ ఎక్కేసరికి నడుం పట్టేసింది. పెద్దమ్మ గట్టు మీద కూర్చుని, నా వరస వంకరగా ఉందని, పీకి మళ్ళీ నాటమంది. పీకి మళ్ళీ నాటాను.