చీమలు పట్టిన ముగ్గు

కొత్తగూడలో కిరాయికున్న రోజుల్లో మా ఇంటి ఓనరమ్మ ముగ్గుపిండిని ఆమెకు తెలియకుండా మార్చేశాను. ఈ సంగతి ఇంతవరకు మా అమ్మకు కూడా చెప్పలేదు.

అది తొంభైల చివర. మాదాపూర్ వైపు బండలు పేల్చి ఆఫీసులు కడుతున్నారు. నేను గుంటూరు నుంచి వచ్చి ఒక చిన్న కంపెనీలో డేటా ఎంట్రీ చేసేదాన్ని. ఓనరమ్మ భర్తది సిమెంటు రేకుల దుకాణంలో పని. కూలీల షెడ్లకు, సామాన్లు పెట్టుకునే గదులకు రేకుల్ని కొలత ప్రకారం రంపంతో కోసి ఇచ్చేవాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన కనుబొమ్మలు కూడా తెల్లగా ఉండేవి. ఆమె ఆయన అంగీని వాకిట్లో గోడకేసి దులిపి, తీగ మీద వేసేది.

రంపం కింద రాలిన పొడిని ఆయన సంచిలో తెచ్చేవాడు. ఆమె దాన్ని జల్లెడ పట్టి, కాస్త సున్నం కలిపి డబ్బాలో పోసుకునేది. అదే రోజూ ముగ్గుపిండి. గాలికి చెదరదని, గీత సన్నగా వస్తుందని మురిసిపోయేది. జల్లెడ పడుతున్నంతసేపూ దగ్గేది.

ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత పత్రికలో ఆస్బెస్టాస్ గురించి చదివాను. సిమెంటు రేకుల్లో కలిపే ఆ నార కంటికి కనిపించనంత సన్నగా విడిపోయి ఊపిరితిత్తుల్లోకి దిగుతుందట. జబ్బు బయటపడటానికి ఏళ్లు పడుతుందట. కొన్ని దేశాలు దాన్ని పూర్తిగా నిషేధించాయట. తలెత్తి చూస్తే నా గది కప్పు కూడా ఆ రేకులే. అయితే కదలకుండా పడి ఉన్న రేకు కంటే కోసిన రేకు, పొడి అయిన రేకు ఎక్కువ ప్రమాదమని రాశారు. వెంటనే ఆ జల్లెడే గుర్తొచ్చింది.

చెప్పాలని ఎన్నిసార్లో అనుకున్నాను. చెప్పాల్సిన మాటలన్నీ డైరీలో రాసుకున్నాను, కొట్టేసి మళ్లీ రాసుకున్నాను. ఆమె ఎదురుపడితే మాత్రం నీళ్లొస్తున్నాయా అని అడిగి లోపలికి వచ్చేసేదాన్ని. చదువుకున్న పిల్ల పెద్దదానికి బుద్ధులు చెబుతోందనుకుంటుందేమో అని భయం. ఆయన పనిని తప్పుపట్టినట్టవుతుందేమో అని ఇంకో భయం.

చివరికి, ఆమె పాలకు వెళ్లిన ఒక పొద్దున, డబ్బాలోని పొడి ఎగరకుండా నీళ్లు చల్లి, ముద్ద చేసి, వెనక గోడ పక్కన గుంట తీసి పూడ్చాను. గిర్నీలో పట్టించుకొచ్చిన బియ్యప్పిండిని డబ్బాలో పోశాను. మా అమ్మ బియ్యప్పిండితోనే ముగ్గు వేస్తుంది. అంతకు మించి ఆలోచించలేదు.

రెండో రోజుకే ముగ్గంతా చీమలు. ప్రతి గీత మీదా బారులు తీరి నడుస్తున్నాయి. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు చూసింది. తర్వాత నన్ను పిలిచింది.

"ఏంది పిల్లా, సిమెంటుకు చీమలు పడుతున్నయ్?"

నా ముఖం చూడగానే ఆమెకు అర్థమైపోయింది. నేను లోపలికి వెళ్లి డైరీ తెచ్చి, ఆ పేజీ ఆమెకు చదివి వినిపించాను. కొట్టివేతలు కూడా చదివేశానేమో, కొన్ని మాటలు రెండుసార్లు వచ్చాయి. ఆమె తిట్టలేదు. తీగ మీది అంగీ వైపు చూసి లోపలికి పోయింది. ఆ రోజు నుంచి జల్లెడ చప్పుడు వినపడలేదు.

నేను చేసింది ఒక్క డబ్బా పిండి మార్చడం. సందు చివర ఆయన పనిచేసే దుకాణంలో రంపం ఆగలేదు. రేకుల లారీలు పొద్దున్నే వచ్చి దిగుతూనే ఉన్నాయి. నిషేధం అన్న మాట కింద ఆ పత్రికలోనే గీత గీసుకున్నాను. అది ఎవరు చేస్తారో, ఎవరిని అడగాలో నాకు తెలియలేదు. ఆ నెలాఖరుకి కంపెనీ మారి, అమీర్‌పేటలో హాస్టల్‌కి వెళ్లిపోయాను.

వెళ్లే రోజు ఆమె నా పుస్తకాల సంచిని ఆటోలో పెట్టింది. వాకిట్లో బకెట్‌లో ఆయన అంగీ నానుతోంది. దులపకుండానే నీళ్లలో వేసినట్టుంది. నేను దాన్ని చూడటం గమనించి, దగ్గరికొచ్చి మెల్లగా అంది:

"ఆయనకు చెప్పిన బిడ్డా. ‘నేను మానేస్తె ఇంకొకడు కోస్తడు’ అంటుండు. కొనేటోళ్లు, అమ్మేటోళ్లు ఉన్నన్ని దినాలు నేను గిట్ల తడిపి ఉతుకుతనే ఉంట. ఈ ముచ్చట గుడ నీ బుక్కుల రాసుకో."