కుటుంబమంతా రావచ్చన్నారు

మంచిర్యాలలో చీర కొన్నప్పుడు నా భార్య లక్కీ డ్రా కూపన్ నింపింది. వారానికి ఫోన్ వచ్చింది. బహుమతి తగిలిందట, భార్యాభర్తలిద్దరూ కరీంనగర్ హోటల్‌కు వచ్చి తీసుకుపోవాలట. చెన్నూరులో పంక్చర్ దుకాణం నడిపేవాణ్ని. అంతకుముందు మమ్మల్ని జంటగా పిలిచింది పెళ్లిపత్రికల్లోనే.

ఏసీ హాల్లో టై కట్టుకున్న అబ్బాయి తెర మీద కొండలు, సముద్రాలు చూపించాడు. ఒక్కసారి డబ్బు కడితే అక్కడి హోటళ్లలో ఏటా వారం రోజులు రూం మాదేనట, వద్దనుకుంటే ఎప్పుడైనా డబ్బు వాపసట.

"కుటుంబమంతా రావచ్చునా?" అని అడిగింది మా ఆవిడ.

"అందరూ రండి మేడమ్, మీ ఇల్లే అనుకోండి."

ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టినా, నా సంతకం మాత్రం పెద్ద ఆఫీసర్‌ది లాగుంటుంది. ఇంగ్లీషు కాగితాల మీద గీకేశాను. ఇంటి స్లాబు కోసం ఆమె ఎత్తిన చిట్టీ డబ్బు నా ఫోన్లోంచి పోయింది. చేతికి గోడ గడియారం వచ్చింది.

పక్కింటి టీచరమ్మ కాగితాలు చదివి చెప్పింది. రూముకు నలుగురే. వంట చేయకూడదు. రద్దు కావాలంటే పది రోజుల్లో ఇద్దరూ వచ్చి రాసివ్వాలి. ఫోన్ చేస్తే మేనేజర్ సార్ మీటింగులో ఉన్నాడన్నారు. మర్నాడూ మీటింగే. దేశాన్ని ఆయనే నడుపుతున్నాడేమో అనుకున్నాను. మా ఆవిడకు మాత్రం నవ్వు రాలేదు, నిద్రా రాలేదు.

గడువు చివరి రోజునే మా చుట్టాలంతా వంట సామానుతో డీసీఎం వ్యాన్‌లో కొండగట్టు గుడికి బయల్దేరారు. మేమూ ఎక్కి, కరీంనగర్ మీదుగా పోనిమ్మని డ్రైవర్‌ను బతిమాలాను. రూం సంగతీ, కుటుంబమంతా రావచ్చన్న సంగతీ మా ఆవిడ మొదటి రోజే అందరికీ చెప్పేసింది. రద్దు సంగతి చెప్పడానికి ఇద్దరికీ నోరు రాలేదు. అందర్నీ వ్యాన్‌లో ఉండమని మేమిద్దరమే హోటల్ లోపలికి పోయాం. హాలు నిండా కొత్త జంటలు.

"మేనేజర్ గారు హైదరాబాద్‌లో ఉన్నారు సార్, సోమవారం రండి," అన్నాడు టై అబ్బాయి.

"గప్పటికి గడువు ఐపోతది గద," అంది మా ఆవిడ. 

అప్పుడే తలుపు తెరుచుకుంది. ముందు గ్యాస్ పొయ్యితో మా అక్క, వెనక వంట గంజులు మోస్తూ పిల్లలు, ముసలోళ్లు.

"తమ్మీ, మీ రూం గిదేనా? మస్తు సల్లగున్నది. పొయ్యి ఏ మూలకు పెట్టాలె?"

"అమ్మా, ఇక్కడ వంట చేయకూడదు," అన్నాడు టై అబ్బాయి.

"కుటుంబమంతా రమ్మన్నది నువ్వే గద బిడ్డా?" అంది మా అక్క.

ముందు వరుసలోని కొత్త పెళ్లికూతురు మా ఆవిడ వైపు తిరిగింది. "మీరు కొన్నరా అక్కా? ఎట్లున్నది?"

"కొన్నం చెల్లె. వాపసియ్యుమంటే మేనేజర్ లేడంటున్నరు."

ఒక జంట లేచి చెప్పులు వెతుక్కుంది. పక్కగదిలోంచి మేనేజర్ పరుగున వచ్చాడు.

"జల్దిగనే వచ్చిండ్రు సార్," అన్నాను. "హైదరాబాద్ రోడ్డు మంచిగైందా?"

రద్దు కాగితం మీద స్టాంపు పడింది. మా అక్క మాత్రం కుర్చీ దిగలేదు.

"పైసలు ఫోన్లకెళ్లి తీస్కున్నరు గద, గట్లనే పంపుండ్రి. మేం కూసుంటం. మాకేం ఫికర్ లేదు."

డబ్బు వచ్చింది. వ్యాన్ ఎక్కగానే మా ఆవిడ నా ఫోన్ లాక్కొని స్లాబు మేస్త్రీకి బయానా పంపేసింది. ఫోన్ తిరిగి ఇవ్వలేదు. ఒళ్లో పెట్టుకొని, నా భుజం మీద తల వాల్చి కొండగట్టు దాకా గురక పెట్టింది. ఆ గురక మీద మామూలుగా నేను వేయని జోకు లేదు. ఆ రోజు మాత్రం నోరు మూసుకొని, గుంతలు చూసి నడపమని డ్రైవర్‌కు సైగ చేశాను.