ఒడ్డు పాట, గుప్పెడు తడి ఇసుక

మా చిన్నప్పుడు చర్చిలో ఒడ్డు పాట మొదలైందంటే చాలు... సముద్రంలో వల లాగేవాళ్లు లాగడం ఆపేసేవాళ్లు. ఊళ్లో ఎవరో పోయారని అర్థం. తలా ఒక గుప్పెడు తడి ఇసుక తీసుకుని చర్చికి వచ్చేవాళ్లు.

మాది వాకాడు దగ్గర సముద్రపు పల్లె. మా సమాధులన్నీ ఇసుక దిబ్బల మీదే. పొడి ఇసుక గాలికి లేచిపోతుంది గదా... అందుకని సమాధి మీద పోసేది తడి ఇసుక. చేపలు పట్టే హిందువులైనా, చర్చికి పోయే మేమైనా, ఆ పాట వింటే గుప్పెడు తేవాల్సిందే. తెచ్చింది మాత్రం వెనక్కి తీసుకుపోకూడదు. అది మా ఊరి కట్టుబాటు.

నావ ఒడ్డుకు చేరిందని ఆ పాట. ముత్తాతల కాలంలో ఒక దొర రాశాడట. పాటల పుస్తకంలో పైన రాగం, తాళం, కింద ఆయన పేరు... అంతే. మిగతాదంతా మా అవ్వే చెప్పేది. "దొరసాని జొరమొచ్చి పడవలోనే పోయింది. ఈ ఇసకలోనే పెట్టి, ఆడే కూసోని ఏడ్చుకుంటా రాసినాడు." పక్కనే కూర్చుని చూసినట్టు చెప్పేది!

నాకు ఒకటే అనుమానం... తెల్లదొర ఏడిస్తే తెలుగులో ఎందుకు ఏడుస్తాడు? అడిగితే, "నోరు మూసుకోని పాడు" అనేది అవ్వ. నోరు మూసుకుని ఎలా పాడాలో అదీ తెలియదు నాకు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు మా కరుణ పిన్ని పెళ్లి. పెళ్లికొడుకుది మనుబోలు పక్క. వాళ్లు హార్మోనియంతో, తాళాలతో, పాడేవాళ్లతో సహా దిగారు. పిన్ని తెల్లచీరలో చర్చి గడప దాటిందో లేదో, వాళ్లు పాట ఎత్తుకున్నారు.

ఒడ్డు పాట!

మా వైపు ఆడవాళ్లు ఒక్కసారిగా ఘొల్లుమన్నారు. వాళ్లేమో నవ్వుమొహాలతో తాళాలు వేస్తున్నారు. నాకు తల తిరిగిపోయింది. అమ్మ ఉంది, నాన్న ఉన్నాడు, అవ్వ ఉంది, పిన్ని కళ్లముందే నిలబడి ఉంది... మరి పోయిందెవరు?

అంతలో ఒడ్డు మీద నుంచి జనం పరుగెత్తుకొచ్చారు. ముందు చేపలు పట్టేవాళ్ల కులపెద్ద, పెద్దకాపు పోలయ్య మామ. మోకాళ్ల దాకా తడి, గుప్పిట్లో ఇసుక. "ఎవురు పోయినారు? పెళ్లి రోజున ఇదేం కర్మం తల్లీ!" అంటూ వచ్చినవాడు, పెళ్లికూతుర్ని చూసి కొయ్యబారిపోయాడు.

పెళ్లికొడుకు తల్లి అందుకుంది. "పెళ్లికి సావు ఇసక తెస్తారా మీ ఊళ్లో? పదరా నాయనా, మనకీ సంబంధం వద్దు!"

అవ్వ ఊరుకుంటుందా? "సావు పాట పాడింది మీరు! పైగా మా మీదికి లేస్తారే!"

"సావు పాటేంది? దొరసాని ఓడ దిగి ఒడ్డుకు వచ్చిన రోజు, దొర తన పెళ్లికి రాసుకున్న పాట ఇది! మా పక్క ఏ పెళ్లికైనా ఇదే పాడతాం."

"ఓయమ్మా! మేం పూడ్చిపెట్టిన దొరసానికి మీరు పెళ్లి చేసినారా!"

ఇద్దరూ పాస్టరు అయ్యగారి వైపు తిరిగారు. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, "పుస్తకంలో పేరే ఉందమ్మా... పెళ్లికో చావుకో రాయలేదు. అసలు దొర అర్థం చెబితే, ఆయనకు తెలుగు నేర్పిన మునిషీ పాట కట్టినాడని కూడా అంటారు" అన్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, ఉన్న తికమక చాలక మునిషీ కూడా వచ్చి చేరాడు.

పెళ్లికొడుకు తల్లి కొడుకు చెయ్యి పట్టి లాగుతోంది. పిన్ని ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ రోజు పెళ్లి ఆగిపోతే, చావు పాటతో పీటల మీద నుంచి లేచిన పిల్లని ఇంకెవరు చేసుకుంటారు?

పోలయ్య మామ గుమ్మంలోనే నిలబడి అన్నాడు. "అమ్మా, తప్పో ఒప్పో తెచ్చేసినాం. ఎనక్కి తీసకపోకూడదు. ఈ ఇసక యాడ పొయ్యమంటారో చెప్పండి."

పెళ్లికూతురు తల ఎత్తని రోజులవి... పిన్ని తల ఎత్తింది.

"నా కాళ్ల కాడ పొయ్యి మామా. ఒడ్డు పాటే గదా పాడినారు... ఒడ్డు మీదే నిలబడి తాళి కట్టించుకుంటా."

చర్చి గుమ్మం దాకా వచ్చినా లోపలికి ఎప్పుడూ రానివాళ్లు ఒక్కొక్కరే వచ్చి పీఠం ముందు ఇసుక పోశారు. అప్పటిదాకా బొమ్మలా ఉన్న పెళ్లికొడుకు ఫక్కున నవ్వాడు. తల్లి చెయ్యి విడిపించుకున్నాడు. చర్చిలో బూట్లు విప్పనిది అతనొక్కడే, పెళ్లికొడుకు గదా... ఆ బూట్లూ విప్పేసి ఇసుక మీద పిన్ని పక్కన నిలబడ్డాడు. "పాడండి, ఆపినారేం?" అన్నాడు.

మా వాళ్లు ఏడుస్తూ, వాళ్ల వాళ్లు నవ్వుతూ... అదే పాట. నేను కాసేపు ఏడ్చి, కాసేపు నవ్వి, చివరికి వెక్కిళ్లు తెచ్చుకున్నాను.

మొన్నామధ్య మనుబోలులో పిన్ని పోయింది. మా ఊరి ఒడ్డుకు పోయి, గుప్పెడు తడి ఇసుక గుడ్డలో మూటకట్టుకుని వెళ్లాను. సమాధి దగ్గర ఒడ్డు పాట ఎత్తుకోబోతే పిన్ని కూతురు నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, అది పెళ్లి పాట గదా... సావుకి పాడతారా ఎవురైనా?"

దానికి జవాబు చెప్పడానికి ఇప్పుడు అవ్వ లేదు.

కుర్చీలో కూర్చున్న బాబాయి, ఆనాటి పెళ్లికొడుకు, నా చేతిలో మూట చూశాడు. "ఒడ్డుదేనా?" అన్నాడు. తల ఊపి, మూట విప్పి సమాధి పక్కన ఇసుక పోశాను. ఆయన మెల్లగా లేచి, చెప్పులు విప్పి, ఆ ఇసుక పోసిన చోట వట్టికాళ్లతో నిలబడి... పాట ఆయనే అందుకున్నాడు.

పెళ్లికి పాడాడో, చావుకు పాడాడో... నాకైతే ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు మా ఊరి చర్చికి పెద్ద స్పీకర్లున్నాయి. పాట ఒడ్డు దాటి ఎంతో దూరం వినిపిస్తుంది. గుప్పెడు ఇసుకతో పరుగెత్తుకొచ్చేవాళ్లే లేరు... ఆ దొర పాట మీ ఊళ్లో పెళ్లికి పాడేవాళ్లా, చావుకా? మీ అవ్వలు ఏం చెప్పారో కాస్త నాకూ చెప్పండి.