గెంతే నంబరు

"...అలా గెంతుతూ ఉంటే ఎలా చదవనే తల్లీ? అది నంబరా, కప్పా?" అంది అత్తగారు, ఫోను ముక్కుకి ఆనించుకుని.

"కప్పేంటత్తయ్యా! దాన్ని యానిమేషనంటారు" అంది కోడలు మూతి ముడుచుకుంటూ.

కోడలు చేయి తిరిగిన బోర్డు పెయింటరు. చేత్తో రాసే బోర్డులు అడిగేవాళ్ళు కరువయ్యాక, కంప్యూటర్లో అక్షరాలను కదిలించే విద్య పట్టుబట్టి నేర్చుకుంది. ఇన్నేళ్ళూ కదలక మెదలక కూర్చున్న అక్షరాల మీద కసి తీర్చుకున్నట్టు అన్నిటినీ ఎగిరించేసింది. పళ్ళ డాక్టరు అడిగిన ఈ ప్రకటన వీడియో ఆమెకు మొదటి బేరం. నచ్చితే ఆయన అన్నగారి కళ్ళద్దాల కొట్టు పని కూడా ఆమెకే ఇప్పిస్తానన్నాడు. సాయంత్రానికల్లా పంపాలి.

"పన్ను సలుపుతోంది, నిజంగానే ఆయనకి ఫోన్ చేద్దామనుకున్నా. సగం నొక్కేలోపు నంబరు చక్కా పోయింది. ఇక నాకు నొప్పే గతి!" అంది అత్తగారు.

కోడలికి నవ్వొచ్చింది. ఆ వెంటనే ఒక సంగతి గుర్తొచ్చింది. బోర్డు రాసేటప్పుడు నిచ్చెన దిగి, రోడ్డు దాటి, అవతలి వైపు నుంచి చదివి చూసుకోకుండా ఏనాడూ రంగుడబ్బా మూత పెట్టలేదు. ఈ వీడియో కోసం మాత్రం కుర్చీలోంచి లేవనే లేదు.

కంప్యూటర్లో వీడియో నడిపించి, గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి చూసింది. తెర మీద బొమ్మ పన్ను నవ్వుతోంది, డాక్టరు పేరు ఊగుతోంది, నంబరు గెంతుతోంది. ఒక్క అంకె కూడా కంటికి ఆనలేదు.

తిరిగొచ్చి కూర్చుంది.

"అత్తయ్యా, పన్ను గెంతుతుంది. నంబరు కదలదు."