మూడూళ్లలో ఒక్క పేరు

పొద్దున ఆఫీసుకు రాగానే, చాయ్ కంటే ముందు నేను చేసే పని ఒకటుండేది. నల్ల తెర మీద ‘హూ’ అని కొట్టి ఎంటర్ నొక్కేవాణ్ని. సర్వర్‌లోకి అప్పుడు ఎవరెవరు లాగిన్ అయి ఉన్నారో వరసగా వచ్చేది. ముందు పేరు, తర్వాత లోపలికి వచ్చిన టైము, చివరన ఏ కంప్యూటర్ నుంచి వచ్చారో దాని నంబరు. మాది రక్తపరీక్షల ల్యాబ్. జగిత్యాలలో పెద్దది, కోరుట్లలో, సిరిసిల్లలో చిన్న బ్రాంచీలు. రక్తం ఎక్కడ తీసినా పరీక్ష జగిత్యాలలోనే. వచ్చిన నంబర్లు కాగితం మీద రాసి ఫొటో పంపితే, ఏ బ్రాంచీలో చేయి ఖాళీగా ఉంటే వాళ్లు రిపోర్టులోకి ఎక్కించేవాళ్లు. సర్వర్ చూసుకునేది నేనొక్కణ్నే.

సిరిసిల్ల బ్రాంచీలో ఉండే అక్క మా అందరికంటే పాత మనిషి. కోరుట్లలో కొత్త అమ్మాయి చేరినప్పుడు, జగిత్యాల కౌంటర్లో ఇంకొకామె చేరినప్పుడు వాళ్లకు వేరే లాగిన్లు చేసివ్వాల్సింది నేను. చేయలేదు. రేపు చేద్దాం, మాపు చేద్దాం. “అప్పటిదాంక అక్క పేరు మీద కొట్టుకోండ్రి” అన్నాను. పాస్‌వర్డ్ ఇవ్వడానికి అక్క కూడా అడ్డం చెప్పలేదు.

“ఇస్త తియ్ తమ్మీ. పిల్లల పని ఆగద్దు గదా” అన్నది.

అట్లా ఎనిమిది నెలలు గడిచాయి. రోజూ పొద్దున అక్క పేరు మూడు వరసల్లో కనబడేది. ఫోన్ చేసి, “ఏందక్కా, ఇయ్యాల గూడ మూడూర్లు తిరుగుతున్నవ్” అని ఆటపట్టించేవాణ్ని. ఆమె నవ్వేది. సిగ్గులేని జన్మ, నేనూ నవ్వేవాణ్ని.

ఒకరోజు ఒకరి షుగర్ నంబరు ఇంకొకరి రిపోర్టులో పడింది. షుగర్ అదుపులోనే ఉన్న ఒక పెద్దమనిషికి ఆ రిపోర్టు చూసి మందు పెంచారు. మధ్యాహ్నానికి ఆయన కళ్లు తిరిగి పడిపోయాడు. ప్రాణం దక్కింది గానీ, నాలుగింటికల్లా వాళ్లింటివాళ్లు పదిమంది వచ్చి కౌంటర్ ముందు నిలబడ్డారు.

మా సారు వచ్చి నా కుర్చీ వెనక నిలుచున్నాడు. “గా రిపోర్టు ఎవలు కొట్టిన్రు?”

రిపోర్టు అడుగున ఉన్నది అక్క పేరు.

“లోపల ఉన్నదా ఆమె? సూడు.”

చూశాను. ‘హూ’ కొడితే తెర మీద అక్క పేరు వచ్చింది.

“మూడుసార్లున్నదేంది?”

ఆ రిపోర్టు ఎక్కింది కోరుట్ల కంప్యూటర్ నుంచి. గంట ముందే నేను వెతికి చూసుకున్నాను. ఆ నంబరు వరస చివర మా ఇద్దరి కళ్ల ముందే ఉంది. ఒక్క మాట చెప్తే చాలు. చెప్తే మాత్రం, కోరుట్ల పిల్ల అక్క పేరు మీద ఎందుకు కూర్చుందని అడుగుతాడు. అది నా మెడకు చుట్టుకుంటుంది.

“అది అట్లనే సూపిస్తది సార్” అన్నాను.

సారుకు కంప్యూటర్ సంగతి తెలియదు. నేను చెప్పిందే వేదం. అక్కడే నిలబడి అక్కకు ఫోన్ చేసి, రేపటి నుంచి రావద్దన్నాడు. పదకొండేళ్ల కొలువు. ఆమె వాదిస్తుందని నేను భయపడ్డాను. ఫోన్లోంచి “సరే సార్” అన్న మాట ఒక్కటే వినబడింది.

ఆమె లాగిన్ తీసెయ్యమని చెప్పి సారు వెళ్లిపోయాడు. తీయబోతే సర్వర్ మొండికేసింది. ఆ పేరు మీద ఇంకా పని నడుస్తోందట. నిజమే, కోరుట్లలో ఆ పిల్ల ఇంకా రిపోర్టులు కొడుతూనే ఉంది. కనెక్షన్లు ఒక్కొక్కటే తెంపి అక్క పేరు తీసేశాను. కాసేపటికి కోరుట్ల నుంచి ఫోన్. “సార్, లాగిన్ బయటికొచ్చింది. ఇగ ఎవలి పేరు మీద కొట్టాలె?” ఆమెకు ఆమె పేరు మీదే లాగిన్ చేసిచ్చాను. రెండు నిమిషాలు పట్టింది.

ఆరు నెలల తర్వాత వేములవాడలో సిరిసిల్ల బస్సెక్కితే లోపల అక్క ఉంది. వేములవాడలో బట్టల దుకాణంలో కుదిరిందట, పని దిగి ఇంటికి పోతోంది. “కూసో తమ్మీ” అని పక్కకు జరిగింది. పిల్లలు బాగున్నారా అని అడిగింది. సగం దూరం పోయాక నేనే ఆ మాట ఎత్తాను.

“అక్కా, గా రిపోర్టు నువ్వు కొట్టలె” అన్నాను.

“ఎరుకే” అన్నది. “గా దినం సారు కంటే ముందే కోరుట్ల పిల్ల ఫోన్ జేసి ఏడ్సింది. ఆమెను కొలువుకు తోలుడే పెనిమిటికి ఇష్టం లేదు. గీ ముచ్చట తెలిస్తే ఇంట్ల కూసోవెడుతడు. అందుకే నేను ఊకున్న.”

నా వైపు తిరిగింది. మొహంలో కోపం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

“నువ్వెందుకు ఊకున్నవ్ తమ్మీ?”